మాదీ మీ ఊరే అత్తా

ఒక పంచె ఎంత బరువుంటుంది? చేత్తో పట్టుకుంటే ఏమీ ఉండదు. నేను మాత్రం ఒకదాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు, అందుకే నీకు చెప్పగలుగుతున్నాను.

మొన్న మా వీధిలో ఒకావిడ, బ్యాంకు నుంచని ఫోన్ చేసినవాడికి ఏదో నంబరు చెప్పేసి మోసపోయింది. అంత వెర్రిదేమిటని అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నమ్మినవాళ్ళు వెర్రివాళ్ళు కాదని నాకు తెలుసు. ఒకప్పుడు నమ్మించింది నేనే కదా.

ఇంటర్ తప్పాక రాజాంలో ఒక బట్టల కొట్లో చేరాను. నోరు ఊరుకోదని యజమాని నన్ను గుమ్మం దగ్గరే నిలబెట్టాడు. నాకో కిటుకు ఉండేది. వచ్చినవాళ్ళ ఊరు అడిగి, మా అమ్మదీ ఆ ఊరే అనేదాన్ని. మా వైపు ఊరు కలిస్తే వరస కలుస్తుంది. వరస కలిశాక ఎవరూ గుడ్డని వెలుతురులోకి తీసుకెళ్ళి చూడరు, సొంతపిల్లని అనుమానించినట్టు ఉంటుందని మొహమాటపడతారు. అది తెలివితక్కువతనమా? కాదు, మర్యాద. ఆ మర్యాద మీదే నేను బేరం చేశాను.

రూతమ్మత్త అలాగే వచ్చింది. కూలిపని చేసుకునే మనిషి. భర్తని వాళ్ళ చర్చిలో సంఘపెద్దని చేశారట. బతుకంతా లుంగీలోనే గడిపిన మనిషికి చేత్తో వడికి నేసిన పొందూరు ఖద్దరు పంచె ఒక్కటి కట్టించాలని ఆవిడ ఆశ. నేను వరస కలిపాను. పొందూరుదని చెప్పి మిల్లు పంచె ఇచ్చాను. నా బుగ్గ పుణికి వెళ్ళింది.

కొన్నాళ్ళకి పనసతొనలు పట్టుకుని మళ్ళీ వచ్చింది.

"ఏటే గుంటా, ఊరంతా అడిగాను. మీ అమ్మ మా ఊరు పిల్ల కాదట కదే," అంది.

నేను తల వంచుకున్నాను. ఆవిడ నవ్వింది.

"బేరం కోసం సుట్టరికం కలిపినావు. కలిపినాక తెంపుకుంటామేటి? తిను."

తొన నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించింది.

"మీ మావ ఆ పంచె కట్టుకుని ఆదివారం సర్చికెల్తే అందరూ మెచ్చుకుంతన్నారు. గుడ్డయినా నిజమేనా? సెప్పు."

"నిజమే అత్తా. పొందూరుదే."

"అయితే ఇంకోటియ్యి."

ఇచ్చాను. మళ్ళీ అదే మిల్లుది.

మొదటిది పొట్టకూటి అబద్ధం అనుకుందాం. రెండోది ఏమిటి? క్షమించేసి, పనసతొన పెట్టి, ముఖంలోకి చూసి అడిగిన మనిషికి మళ్ళీ అబద్ధం ఎందుకు చెప్పాను? యజమానికి భయపడా? లేక ఆవిడ కళ్ళల్లో మంచిపిల్లగా ఉండిపోవాలనా? మంచిపిల్లగా ఉండిపోవాలనే అనుకుంటాను. అదే ఎక్కువ సిగ్గు.

ఆవిడని తలుచుకుంటే ఇప్పటికీ మనసు పొంగుతుంది. అంత తెలివైన మనిషిని నేను చూడలేదు. నా చుట్టరికం సంగతి నన్ను అడగలేదు, నాతో ఏ లాభమూ లేని ఊరివాళ్ళని అడిగింది. ఇట్టే పట్టేసింది. అయినా మనసు ముడుచుకోలేదు. గుడ్డ సంగతి మాత్రం అమ్మేదాన్నే అడిగింది. అక్కడే మోసపోయింది. నువ్వూ నమ్మడం మానకు. కానీ అమ్మేవాళ్ళని అడిగి ఊరుకోకు, అమ్మకంతో సంబంధం లేనివాళ్ళని ఒక్కమాట అడుగు. ముఖ్యంగా, వాళ్ళు నిన్ను అత్తా అని పిలిస్తే.

పెళ్ళయి ఈ ఊరొచ్చాక ఆవిడని మళ్ళీ చూడలేదు. వెళ్ళి చెప్పొచ్చు కదా అంటావేమో. చెబితే ఆ పెద్దాయన వచ్చే ఆదివారం ఏం కట్టుకుని వెళతాడు? ఇది కూడా నన్ను నేను కాపాడుకునే సాకేనా? తేల్చుకోలేకపోతున్నాను.

ఆవిడకి చెప్పాల్సిన మాట నీకు చెబుతున్నాను. రాస్తూ పైకి కూడా అన్నాను, వంటింట్లో, ఒక్కదాన్నే.

అత్తా, ఆ పంచెలు పొందూరువి కావు.