పేరు ఆయనది, పిల్ల మనది

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క భర్త బతికే ఉన్నాడు. ఆమె కష్టమంతా అదే. అతను పోయి ఉంటే ఆమెకు ఒక దారి ఉండేదని ప్లీడరు గారు స్వయంగా చెప్పగా నేను విన్నాను. అప్పటికి నాకు పదేళ్లు. ఆయన చెప్పిన దత్తత చట్టం నాకంటే నాలుగు నెలలు పెద్దది. అది 1956 డిసెంబరులో వచ్చింది, నేను ఆ పై ఏప్రిల్‌లో పుట్టాను.

మేము కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. అప్పుడది ఊరి చివర. మా వీధి దాటితే గడ్డిఅన్నారం జామతోటలు. పక్కవాటాలో ఉండే అక్క మలక్‌పేట వైపు ఒక దవాఖానలో ఆయా. పెళ్లైన మూడో ఏడు భర్త ఆమెను వదిలి ఇంకో ఆమెతో కాపురం పెట్టాడు. దూరమేమీ పోలేదు. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా అంటున్నామే, దానికి కాస్త ఇవతల, విజయవాడ రోడ్డు మీదే అతని సైకిల్ కొట్టు.

అక్క దగ్గర ఆరేళ్ల పిల్ల ఉండేది. ఆమె కన్న పిల్ల కాదు. తల్లి కాన్పులో పోతే, రాళ్లు కొట్టే తండ్రి పసిగుడ్డును ఏం చేయాలో తెలియక దవాఖాన మెట్ల మీద కూర్చుని ఉంటే, ఈమె ఇంటికి తెచ్చుకుంది. ఆ పిల్ల అక్కను అమ్మా అనేది. నేను పలక మీద అక్షరాలు దిద్దించేదాన్ని. 'ఌ' అన్న అక్షరం చూస్తే చాలు, జిలేబీ అని నవ్వేది.

ఆ శ్రావణంలో పిల్ల తండ్రి వచ్చాడు. చెడ్డవాడు కాదు. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు చంటిపిల్లలు. వాళ్లను ఎత్తుకోవడానికి పెద్దపిల్ల కావాలని భార్య పోరు. దసరా దాటితే అందరూ పని కోసం షోలాపూర్ పోతారట. మా అరుగు కింద తలపాగా విప్పి పట్టుకుని నిలబడ్డాడు.

“నువ్వే పెంచినవ్, కాదంటలేను. సాదుకుంటా అంటే రాసియ్యి. దత్తత కాగితమైతే మా ఆమె నోరు మూసుకుంటది. లేకుంటె దసరాకు తోలుకపోత.”

అక్క ఏడవలేదు. ఆ సాయంత్రమే మా తాతయ్య దగ్గరకు వచ్చి, “పెద్దయ్యా, ఆ కాగితం ఎట్ల రాస్తరో జర చెప్పుండ్రి” అంది. తాతయ్య రిటైరైన హెడ్‌మాస్టరు. వీధిలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా ఆయన చేతి మీదుగానే. కళ్లకు శుక్లాలు వచ్చాక చదవడం నా పని అయింది. ఎక్కడికి వెళ్లినా నన్ను వెంటబెట్టుకుపోయేవారు.

మర్నాడు ముగ్గురం ప్లీడరు గారింటికి వెళ్లాం. ఆయన పుస్తకం తీసి చూసి, తలెత్తి అక్కను అడిగారు. “మొగుడున్న ఆడది సొంతంగా దత్తత తీసుకోవడానికి లేదమ్మా. ఆయన పోయుండాలి, లేదా సన్యాసం పుచ్చుకునుండాలి. మతం మారినా సరే. పిచ్చివాడని కోర్టు తేల్చినా సరే. మీ ఆయన వీటిలో ఏది?”

“ఏదీ గాదు సార్,” అంది అక్క. “మంచిగున్నడు. సైకిళ్లకు పంచర్లేస్తున్నడు.”

ప్లీడరు గారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. విడాకులు తీసుకుంటే వీలవుతుందన్నారు. దానికి అతను పరాయి ఆమెతో కాపురం ఉంటున్నాడని సాక్షులు కోర్టులో చెప్పాలి, అది ఏళ్ల తరబడి సాగుతుంది. దసరా రెండు నెలల్లో ఉంది. ఇక మిగిలింది ఒకటే. భర్త దత్తత తీసుకోవచ్చు, భార్య ఒప్పుకుంటే చాలు.

దారంతా తాతయ్య ప్లీడరు గారి మాటల్ని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నడిచారు. ఇంటి ముందు ఆగి, చిక్కులెక్క తెగినప్పుడు నవ్వినట్టు నవ్వి అన్నారు. “అతన్ని ఒక్కపూట తెచ్చి పీట మీద కూర్చోబెడదాం అమ్మాయ్. పేరు ఆయనది, పిల్ల మనది.”

ఆ యుక్తి నాకు ఎంత నచ్చిందో! మా తాతయ్య చట్టాన్నే బోల్తా కొట్టించారని బళ్లో చెప్పుకున్నాను.

సైకిల్ కొట్టుకు మేమిద్దరం రిక్షాలో వెళ్లాం. అతను చక్రాన్ని బోర్లా వేసి చువ్వలు బిగిస్తున్నాడు. తాతయ్య చెప్పేదంతా తల వంచుకుని విన్నాడు. లోపలి నుంచి ఆ రెండో ఆమె వచ్చి నాకు మంచినీళ్లిచ్చి, నా జడ కుచ్చుల్ని ముట్టుకుని చూసింది. వాళ్లకు పిల్లలు లేరు. అతను చక్రాన్ని ఒకసారి గిర్రున తిప్పి ఒకే ఒక్క మాట అడిగాడు. “ఆరేండ్లు నిండినయా సారూ?” నిండాయన్నారు తాతయ్య. “అయితే ఒస్త,” అన్నాడు. బతిమాలవలసి వస్తుందనుకున్న మాకు అది వరంలా తోచింది.

దసరాకు ముందే మంచిరోజు చూశారు. అక్క పెళ్లిచీర కట్టుకుంది. భర్త ఇస్త్రీ చొక్కాతో వచ్చి పక్కన కూర్చున్నాడు. కన్న తండ్రి పిల్లను తెచ్చి ఇద్దరి ఒళ్లోనూ పడేటట్టు కూర్చోబెట్టాడు. వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఎవరో, “మొగుడు గూడ ఒక్కపూట కిరాయికి దొరుకుతడని నాకెరుక లేదే!” అంటే అందరూ నవ్వారు. అక్క కూడా తల వంచుకునే నవ్వింది. అంతకుముందు గాని తర్వాత గాని ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

సంతకాలకు ముందు కాగితం నేనే చదివాను. “నేటి నుండి ఈ బాలిక సర్వవిధముల నా కుమార్తె. ఈమె పోషణ, విద్య, వివాహము, సంరక్షణ సమస్తమును నా హక్కు, నా బాధ్యత. ఇందుకు నా భార్య సమ్మతించినది.” గట్టిగా, ఒక్క తప్పు లేకుండా చదివాను. ప్లీడరు గారు నా తల నిమిరారు. అతను సంతకం చేసి, పాయసం తాగి వెళ్లిపోయాడు. పిల్ల తండ్రి షోలాపూర్ బండెక్కాడు.

సంక్రాంతి వెళ్లి, మాఘమాసం కూడా వెళ్లింది. ఒక పొద్దున అక్క డ్యూటీలో ఉండగా గుమ్మం ముందు రిక్షా ఆగింది. పిల్ల మా అరుగు మీద పలకతో ఉంది. అతను దిగి, తాతయ్యకు దండం పెట్టి, “నా బిడ్డను తోలుకపోతున్న సారూ,” అన్నాడు.

“నీ బిడ్డేమిటయ్యా! ఆరోజు మనం ఏమనుకున్నాం?”

“అనుకున్నది ఎవరికి యాదుంటది? రాసుకున్నది సూడుండ్రి. పేరు నాదే కద సారూ.” గొంతు పెంచలేదు. “ఇంట్ల ఆమె బేచైన్ అయితున్నది, బిడ్డ కావాలె బిడ్డ కావాలె అని. మంచిగనే సూసుకుంటది.”

తాతయ్య మెట్టు దిగి రిక్షా హ్యాండిల్ పట్టుకున్నారు. రిక్షావాడు, “ఏందన్నా, ఎవరి పిల్ల?” అని అడిగాడు. అతను జేబులోంచి కాగితం నకలు తీసి చూపించాడు. చుట్టూ చేరినవాళ్లు కాగితాన్నీ తాతయ్యనూ మార్చి మార్చి చూశారు. తాతయ్య చేయి వదిలేశారు. పిల్లకు రిక్షా ఎక్కడం అదే మొదటిసారి. పలక ఒళ్లో పెట్టుకుని, మలుపు తిరిగేదాకా నాకు చేయి ఊపుతూనే ఉంది.

అక్క వచ్చేసరికి ఎండ నడినెత్తి మీదుంది. తాతయ్యే చెప్పారు. ఆమె విని, నేరుగా ప్లీడరు గారింటికి నడిచింది, వెనకే మేమూ వెళ్లాం. చట్టం ప్రకారం సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాతే తల్లి అని ఆయన చెప్పారు. ఐదేళ్ల లోపు పిల్లలైతే తల్లి దగ్గర ఉంచుతారట. అతను పిల్ల వయసు ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది. కేసు వేయవచ్చు, గెలుస్తుందని మాత్రం చెప్పలేనన్నారు. అసలు పిల్లను తెచ్చింది, పెంచింది అక్క కదా అని తాతయ్య అంటే, అది కాగితంలో ఎక్కడుందని అడిగారు.

సెలవు దొరికినప్పుడల్లా అక్క విజయవాడ రోడ్డు మీద నడుచుకుంటూ వెళ్లి కొట్టు ముందు నిలబడేది. రెండో ఆమె పిల్లను కాసేపు బయటికి పంపేది, పాపం. ఎండాకాలంలో ఒకరోజు వెళితే కొట్టుకు తాళం. పక్క హోటలతను, “సూరత్ పోయిన్రంట అక్కా, సామాను గూడ తీస్కపోయిన్రు,” అన్నాడు. అంతే. ఆ పిల్లను మేమెవరమూ మళ్లీ చూడలేదు.

అక్క తాతయ్యను ఒక్క మాట అనలేదు. ఎప్పటిలాగే చింతచిగురు వండితే గిన్నెతో మాకూ పంపేది. ఆ గిన్నె వచ్చిన రోజు ఆయన అన్నం సగంలో లేచేవారు. ఒకనాడు నన్ను పిలిచి, ఆ కాగితం మళ్లీ చదవమన్నారు. చదివాను. “ఇది మనం చదివినట్టు చదివావు. ఇప్పుడు అతను చదివినట్టు చదువు,” అన్నారు. ఎలాగో నాకు అర్థం కాలేదు. మెల్లగా, ‘నా’ అంటే ఎవరి పేరో చూసుకుంటూ, ప్రతి పేరు దగ్గరా ఆగమన్నారు. “నా కుమార్తె.” ఆగాను. “నా హక్కు.” ఆగాను. ఒక్క అక్షరం మారలేదు, కాని అది వేరే కాగితం. అందులో అక్కకు దక్కింది “సమ్మతించినది” అన్న ఒక్క మాట. “ఏ కాగితమైనా రెండుసార్లు చదవాలి,” అన్నారు తాతయ్య. “రెండోసారి, మనకు ఎదురు తిరగబోయేవాడు చదివినట్టు చదవాలి.” ఆ తర్వాత ఆయన ఎవరికీ అర్జీ రాసిపెట్టలేదు.

2010 ఆగస్టు చివర ఆ చట్టాన్ని సవరించారు. పెళ్లైన ఆడది కూడా దత్తత తీసుకోవచ్చని పేపర్లో వేశారు. అప్పటికి నాకు యాభై మూడేళ్లు. పేపరు పట్టుకుని సైదాబాద్‌లో అక్క ఉంటున్న గదికి వెళ్లాను. ఆమెకు డెబ్బై ఒకటి. బొట్టు పెట్టుకునే ఉంది. మొదటి వాక్యం చదవగానే ఆమె చేతిలో చింతపండు అలాగే ఆగిపోయింది. “మొగుడున్నా తీస్కోవచ్చా?” అంది. రెండో వాక్యం చదివాను. భర్త బతికి ఉంటే అతని సమ్మతి కావాలి. సన్యాసం, మతం, పిచ్చి, ఆ మినహాయింపులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

“ఆనాడు నేను సమ్మతించిన. ఇప్పుడు ఆయన సమ్మతించాలె,” అంది అక్క. “ఏడికెళ్లి తేవాలె ఆయన్ను?” అని, “ఇంకోసారి సదువు బిడ్డా,” అంది. చదివాను. మళ్లీ చదవమంది. మూడోసారి చదివాను. మూడోసారి చదివితే మారేదేమీ ఉండదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయిపోయాక ఆమె మళ్లీ చింతపండులో గింజలు తీయసాగింది. మరుసటి ఏడాదే పోయింది.

ఆడవాళ్ల కోసం కొత్త చట్టం వచ్చిందని టీవీలో చెప్పినప్పుడల్లా మా అపార్ట్‌మెంట్‌లో చప్పట్లు కొడతారు. నేను మర్నాటి పేపరు కోసం ఆగుతాను. ఒకసారి చదువుతాను. కళ్లద్దాలు తుడుచుకుని రెండోసారి, ఆ చక్రం తిప్పుతూ కూర్చున్న మనిషి చదివినట్టు, ప్రతి పేరు దగ్గరా ఆగి చదువుతాను. ఇలా చదవడం వల్ల ఇన్నేళ్లలో ఒక్కరికైనా మేలు జరిగిందని చెప్పలేను. రిక్షా ఎప్పుడు వచ్చి ఆగుతుందో కాస్త ముందుగా తెలుస్తుంది, అంతే.