కథలో అవ్వ ఎవరు

మా బడిలో పుస్తకాల బీరువా తాళంచెవి నా దగ్గర ఉంటుంది. తెలుగు చెప్తాను కాబట్టి దాన్ని నాకు అంటగట్టారు. అంటగట్టినవాళ్ళే ఇప్పుడు నేను దాన్ని నడిపే పద్ధతి బాగోలేదంటున్నారు.

మెట్‌పల్లి దగ్గర ప్రభుత్వ బడి మాది. శనివారం మధ్యాహ్నం పుస్తకాలు తీసి జంపఖానా మీద పరుస్తాను. పిల్లలు చుట్టూ కూర్చుని నచ్చింది తీసుకుంటారు. నేను చెప్పేది ఒక్కటే. మొదటి పేజీ చదువు, రెండోది తిప్పాలనిపిస్తే అది నీ పుస్తకం, లేకపోతే అక్కడ పెట్టెయ్. మా హెడ్మాస్టరుకు ఇది గిట్టదు. ఏ తరగతికి ఏ పుస్తకమో ఆయన లిస్టు రాసి బీరువా తలుపుకు అంటించాడు. ఆరో తరగతికి నీతికథలు. స్టాఫ్ రూములో అందరి ముందూ, "మన మేడం శనివారం శనివారం అంగడి పెడుతున్నది" అన్నాడు. నవ్విన ముగ్గురూ నాకు గుర్తున్నారు. అందులో ఒకరి చేతిలో అప్పుడు నేను తెచ్చిన సర్వపిండి ముక్క ఉంది.

ఆరో తరగతిలో ఒక పాప ఉంది. తండ్రి దుబాయిలో, తల్లి ఇంట్లో బీడీలు చేస్తుంది. ఏ పుస్తకమూ చివరిదాకా చదివేది కాదు. ఒక శనివారం కథల పుస్తకం తీసుకుపోయి, సోమవారమే తెచ్చి, "అంత అయిపోయింది మేడం" అంది. నాకు సంతోషం ఆగలేదు. ప్రార్థన దగ్గర అందరికీ ఆ కథ చెప్పమన్నాను. చెప్పమనకుండా ఉండాల్సింది.

"ఒకూర్లె ఒక అవ్వ ఉన్నది. ఆమె వెంట్రుకలన్ని తెల్లగైనయి, నడుము వంగింది. ఒక్కడే పిల్లగాడు. పాపం, గా అవ్వ ఎంత పని చేసిందో ఏమో, జల్ది ముసల్దైంది."

హెడ్మాస్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓ పిల్లా, అండ్ల అవ్వ అంటే తల్లి కాదే, ముసలమ్మ! ఆ పిల్లగాని నాయనమ్మ. మొత్తం ఉల్టా సదివినవ్!"

వరుసల్లో ఉన్న పిల్లలూ నవ్వారు.

మా దిక్కు అవ్వ అంటే తల్లి. పుస్తకాల తెలుగులో ముసలామె. నాలుగో తరగతిలో నేనూ ఇదే తప్పు చేశాను. కథలో అవ్వ కట్టె పట్టుకుని ఎందుకు నడిచిందని సారు అడిగితే, "కాలు ఇరిగిందేమో సార్" అన్నాను. తరగతంతా నవ్వింది. నవ్విన ప్రతివాడి ఇంట్లోనూ తల్లి అవ్వే. అది నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

ప్రార్థన ముగియగానే ఆయన గదికి వెళ్ళాను.

"సార్, ఇంట్ల మీ అమ్మను ఏమని పిలుస్తరు?"

ఆయనది పెద్దపల్లి పక్క ఊరు. కాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు.

"అవ్వ అనే పిలుస్త. అయితేంది? ఇల్లు వేరు, బడి వేరు మేడం."

"పుస్తకం ఇంటికే పోతది సార్."

"మీతోని మాట్లాడుడు కష్టం," అన్నాడు. ఔను, కష్టమే.

కానీ జరగాల్సిన నష్టం జరిగిపోయింది. తర్వాతి శనివారం పాప జంపఖానా అంచున చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాకు సదువుడు అస్తది గని సమజు కాదు మేడం," అంది. చదివినా అర్థం కాదనే మాట తనే నమ్మేస్తే ఇక ఏ పుస్తకాన్నీ ముట్టదు. నాకు భయమేసింది. నా పద్ధతి నేనే తప్పి, పెద్ద అక్షరాల పల్చటి బొమ్మల పుస్తకం ఏరి చేతిలో పెట్టాను. సోమవారం తెచ్చిచ్చింది.

"మా చెల్లెకు సదివిచ్చిన. గిది చిన్నపోరలది గదా మేడం."

నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. నీకు అర్థం కాదని హెడ్మాస్టరు నవ్వి చెప్పిన మాటే నేను జాలిపడి చెప్పానని అప్పుడు తెలిసింది. ఇతరులు చేసినవే కాదు, నేను చేసినవీ గుర్తుపెట్టుకుంటాను.

మూడో శనివారం ఏమీ ఇవ్వలేదు, ఏమీ అనలేదు. చిరిగిన అట్టలకు జిగురు పూస్తూ కూర్చున్నాను. పాప చాలాసేపు కదల్లేదు. తర్వాత లేచి బీరువా దగ్గరికే పోయి, నేను కిందికి దించని పై అరలోంచి ఒక లావు నవల లాగింది. అట్ట మీద మూసిన తలుపు బొమ్మ. నిలబడే మొదటి పేజీ చదివింది. పెదవులు కదులుతున్నాయి. పేజీ తిప్పింది. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు వచ్చాడు.

"అది తొమ్మిదో తరగతోళ్ళది. నీకేం సమజైతది అండ్ల?"

పాప పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది. "సమజు కాకుంటె మళ్ల సదువుత సార్. గీ తలుపెన్క ఏమున్నదో సూడాలె."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన నా వైపు తిరిగాడు.

"లిస్టుల లేని పుస్తకం ఎందుకిచ్చిండ్రో రాసియ్యుండ్రి మేడం."

రాసిచ్చాను. "పాప ఎంచుకుంది. నేను ఇచ్చాను." కింద సంతకం.

"కారణమేది?"

"గదే సార్ కారణం."

పాప ఇప్పుడు సగం దాటింది. రెండుసార్లు వెనక్కి పోయి మళ్ళీ మొదలుపెట్టిందట. ఎప్పుడు తిరిగిస్తుందని ఆయన రోజూ అడుగుతున్నాడు. నేను పాపను అడగలేదు. అడగను.