నాలుగో ప్లగ్గు, మూడు నూనెలు

ఇది మూడు సేనలు తలపడిన మహాసంగ్రామ గాథ. ఇందులో రక్తం ఉంది, కన్నీరు ఉంది. సరే, రక్తం లేదు. కన్నీరు కూడా నా కంట్లో కిరసనాయిలు పడితే వచ్చింది. జరిగిందల్లా ఒకటే. హిందీ మాట్లాడే స్టీల్ ప్లాంటు ఊళ్లో, రుఆబాంధా కాలనీలో మా ఇంటి ముందు, మా పాత కారుకి ఒక స్పార్క్ ప్లగ్గు ఊడి రాలేదు.

ఊడకపోతే నష్టం అమ్మకి. యాభై నాలుగేళ్ల వయసులో ఆమె డ్రైవింగ్ నేర్చుకుంది. మర్నాడు పదింటికి లైసెన్సు పరీక్ష. అంతకుముందు వచ్చిన రెండు తేదీల్లో ఒకటి చుట్టాల పెళ్లికి, ఒకటి నాన్న నడుంనొప్పికి బలయ్యాయి. లెర్నర్ లైసెన్సు గడువు ఆ వారంతో సరి. కారేమో దగ్గుతూ ప్రతి మలుపులో ఆగిపోతోంది. మూడు ప్లగ్గులు మార్చాం. నాలుగోది కదల్లేదు.

నాన్న స్టీల్ ప్లాంటులో మెయింటెనెన్స్ చేసి రిటైరైన మనిషి. మా ఇంట్లో ఫ్యాను రెక్క తుడవాలన్నా పర్మిట్ రాయాలి. యంత్రం వాడేవాళ్లు సంతకం చేసి అప్పగించాలి, పని అయ్యాక తిరిగి తీసుకోవాలి. ఈ పద్ధతి ప్లాంటులో ప్రాణాలు కాపాడుతుంది. మా ఇంట్లో మాత్రం మే నెలలో రెండు రోజులు ఫ్యాను లేకుండా చేసింది. కారు వాడేది అమ్మ కాబట్టి ఆమె సంతకం పెట్టి, పక్కన ‘సాయంత్రం నాలుగు వరకే’ అని రాసింది.

నాన్న ఎంచుకున్నది గేరు నూనె. బెల్లంపాకంలా ఉంటుంది.

“కొండల్లాటి రోలర్లు తిరిగీవిరా దీంతోటి. ఈ ప్లగ్గెంత?”

“అవి తిరిగేవి నాన్నా. ఇది తిరగట్లేదు.”

“నీకేటి తెల్సు? పానా ఇటియ్యి.”

పోశాడు, వెంటనే పానా వేసి తిప్పాడు. ప్లగ్గు కదల్లేదు. నాన్న నడుం కదిలింది.

ఇంతలో పక్కింటి మావయ్య లోటాతో వచ్చాడు. ఆయన రైల్వే లోకోషెడ్డులో చేసినవాడు. లోటాలో కిరసనాయిలు, డీజిలు సగం సగం.

“చిక్కటిది సందులోకి దిగదు బావా. పల్చటిదుండాల. మా షెడ్డులో ఏ తుప్పుకైనా ఇదే దవా.”

“మీ షెడ్డులో బండి ఆర్నెల్లు పడుంటాది. మాకంత తీరికుండీది కాదు.”

“అందుకేనేటి, మీ బోల్టులన్నీ ఇరిగిపోయీవి?”

లోటా వంచాడు. సగం ప్లగ్గు మీద, కొంచెం నా కంట్లో. ఆయన కూడా వెంటనే తిప్పాడు. ఏమీ లేదు.

మూడో సేన నేను. తుప్పు వదిలించే స్ప్రే డబ్బా కొనుక్కొచ్చాను. చదువుకున్నవాణ్ణి కాబట్టి ఫోన్లో అంతా చూసుకుని, ఆ తర్వాత వాళ్లు చేసిన తప్పే చేశాను. కొట్టాను, వెంటనే తిప్పాను.

“ఆగరా! ఇరిగితే ఇంజను హెడ్డు ఇప్పాల. వారం పడతాది” అన్నాడు నాన్న.

వరండాలో రోడ్డు గుర్తులు బట్టీ పడుతున్న అమ్మ తలెత్తింది.

“పానాకి పైపు తగిలించి ఒక్క లాగు లాగీద్దామా?” అన్నాడు మావయ్య.

అమ్మ పుస్తకం మూసి లేచింది. “నాలుగైంది. పర్మిట్ కేన్సిల్. అన్నయ్యా, పైపు కింద పెట్టండి.”

“ఇంకొక్క ఐదు నిమిషాలే...” అన్నాడు నాన్న.

“టైమైపోయాక మెషిను మీద చెయ్యేస్తే మీ ప్లాంటులో ఏటంటారండీ?”

నాన్న దేవుడితోనైనా వాదిస్తాడు కానీ పర్మిట్‌తో వాదించడు. అందరం లోపలికి నడిచాం. టీ తాగుతూ, పకోడీలు తింటూ ఏ నూనె గొప్పదో గంటన్నర కొట్టుకున్నాం. ఆ రోజు మొదటిసారిగా ప్లగ్గుని ఎవరూ ముట్టుకోలేదు.

అయిదున్నరకి అమ్మ కొత్త పర్మిట్ రాసిచ్చింది. నాన్న పానా వేసి, పళ్లు బిగించి తిప్పాడు. ప్లగ్గు పెరుగులో గరిటెలా తిరిగింది.

“గేరు నూనె!” అన్నాడు నాన్న.

“అరే ఛోడో బావా, లోటా మహిమ!”

నేను నా డబ్బా ఎత్తి చూపించాను. ఎవరూ చూడలేదు.

“గంటన్నర మీరు ముగ్గురూ దాని జోలికెళ్లలేదు. అందుకే ఊడింది” అంది అమ్మ.

కొత్త ప్లగ్గు బిగించాక అమ్మే స్టార్ట్ చేసింది. వెనకనుంచి తెల్లటి పొగ ఎగదన్నింది. ఎదురింటి దీదీ కిటికీలు మూసేసింది.

“ఖతం. ఇంజను రింగులు పోయాయి” అని మావయ్య తీర్పు చెప్పాడు.

నాన్న మెట్టు మీద కూలబడ్డాడు. “నానే పాడుచేసీసినాను. ఈసారి కూడా నానే” అన్నాడు మెల్లగా. నాకు జోకు తోచలేదు. అలా అరుదుగా జరుగుతుంది.

“ఆపీమంటారా?” అని అడిగింది అమ్మ. ఆమె ఆపలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. పొగ పల్చబడింది. కారు దగ్గు మానేసింది.

మర్నాడు అమ్మ పాసైంది.

ప్లగ్గు గుంటలో పోసిన నూనె సిలిండర్లోకి దిగితే, మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు అది కాలి, పొగ వస్తుంది. కాసేపటికి పోతుంది.