అమ్మమ్మ కాగు, అరువు విస్కీ

కరోనా మొదటి చలికాలంలో మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద పొందింది ఒక కరివేపాకు మొక్క. జర్మనీలో మేముండే బ్యోబ్లింగెన్ చలికి బాల్కనీలో ఉంచితే చచ్చిపోతుందని నా భార్య దాన్ని లోపలికి తెచ్చి, నా ఆఫీసు బల్ల వెనక, హీటర్ పక్కన, ఇంట్లోకెల్లా వెచ్చని చోట కూర్చోబెట్టింది. నేను మాత్రం రెండు స్వెట్టర్లు వేసుకుని కిటికీ దగ్గర వణుకుతూ పని చేసుకునేవాణ్ణి. మొక్క ఎత్తు మూరెడు. అది నాటిన పాత్రలో మాత్రం ఏనుగు పిల్లకు లాల పోయవచ్చు. అది నా భార్య అమ్మమ్మగారి రాగి కాగు. గోదావరి పక్క పల్లెలో యాభై ఏళ్ల పాటు కట్టెల పొయ్యి మీద ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్లు కాచి, అమావాస్య కూడా సిగ్గుపడేంత నలుపు తేలింది. సామాను ఓడకెక్కించిన రోజు ప్రెషర్ కుక్కర్ మర్చిపోయాం గానీ కాగును మర్చిపోలేదు. ఓడలో చోటు చాలకపోతే దిగిపోవలసింది నేనే అని అప్పుడే అర్థమైంది.

అప్పటికి నాది కొత్త ఉద్యోగం. కార్ల ఆఫీసులో ఉన్న పాత ఉద్యోగం కరోనా తుమ్మగానే ఎగిరిపోయింది. జర్మనీలో ఉన్న కంపెనీలన్నిటికీ, ఇంకా పుట్టని రెండు మూడు కంపెనీలకూ దరఖాస్తులు పెట్టాక, అరగంట దూరంలో ఉన్న ఒక విస్కీ కంపెనీ నన్ను తీసుకుంది. కంపెనీ అంటే యజమాని, సీసాలు నింపే ఇద్దరు మనుషులు, లేబుళ్లూ సరుకూ చూసే కంప్యూటర్‌తో నేను. ఆరు నెలలు ప్రోబెసైట్, అంటే పరీక్షాకాలం. అది గడిచేలోపు యజమానికి నచ్చకపోతే కారణం చెప్పనక్కర్లేకుండా ఇంటికి పంపవచ్చు. పంపితే బ్లూకార్డ్ వీసా మీద బతికే మాకు మరో ఉద్యోగం వెతుక్కోవడానికి మూడు నెలలే గడువు. ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడం, చంద్రుడి మీద అద్దె ఇల్లు దొరకడం ఒకటే.

ఆ విస్కీ పేరు మాత్రం నూటయాభై ఏళ్లనాటిది. కంపెనీ ఉన్న కొండల్లో ఒకప్పుడు విస్కీ బట్టీ నడిపిన ఒక గడ్డపాయన పేరది. బట్టీ ఎన్నడో మూతపడింది, వంశం ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. పేరు ఊరికే పడి ఉందని మా యజమాని దాన్ని తన పేరున రిజిస్టర్ చేయించుకున్నాడు. ఇక విస్కీ సంగతి. ఎక్కడో ఉత్తరాన పెద్ద ఫ్యాక్టరీలో కాచి, పీపాల్లో ఎనిమిదేళ్లు ఊరబెట్టి, ప్లాస్టిక్ ట్యాంకుల్లో లారీ మీద పంపేవారు. మేము దాంట్లో ఊరి కుళాయి నీళ్లు కలిపి, సీసాల్లో పోసి, గడ్డపాయన బొమ్మ అంటించేవాళ్లం. ఆ బొమ్మ కూడా ఆయనది కాదు, పాత సామాన్ల సంతలో దొరికిన ఎవరి తాతగారిదో.

కొని నింపుకోవడం తప్పేమీ కాదు, ఆ వ్యాపారంలో చాలామంది చేసేదే. మేము మాత్రం ఆ సంగతి ఎక్కడా చెప్పేవాళ్లం కాదు. చెప్పకుండా కప్పిపుచ్చడంలో నా చెయ్యి చాలా ఉంది. ఆ గడ్డపాయనే మా స్థాపకుడని, ఆయన మంచులో మూడు రోజులు నడిచి కొండ ఊట కనిపెట్టాడని లేబుల్ మీద రాసింది నేనే. మొదట ఒక్క రోజే నడిపించాను. యజమానికి నచ్చేసరికి మూడు రోజులు చేశాను. వెంట ఒక తోడేలును కూడా పంపాను గానీ లేబుల్‌లో చోటు చాలక అది అడవిలోనే ఉండిపోయింది.

నా ప్రోబెసైట్ ఇంకో వారంలో ముగుస్తుందనగా, ఊరూరా శాఖలున్న పెద్ద మద్యం దుకాణం నుంచి కొనుగోళ్లు చూసే ఒకావిడ మా విస్కీ మీద ఆసక్తి చూపించింది. మామూలు రోజులైతే స్వయంగా వచ్చేది. లాక్‌డౌన్ కాబట్టి బుధవారం వీడియోలో మీ బట్టీ చూపించండి, చాలు అంది. మాకు బట్టీ లేదు. ఉన్నదల్లా ఒక షెడ్డు, ప్లాస్టిక్ ట్యాంకులు, కాఫీ మెషిన్. యజమాని ఆ సంగతి నాతో వీడియోలో చెప్పుకుని మొత్తుకుంటూ, హఠాత్తుగా ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి వచ్చాడు.

"మీ వెనక ఉన్నదేంటి? ఆ నల్లది."

కరివేపాకు అన్నాను. మొక్క కాదు, కుండ అన్నాడు. పొట్ట, మెడ, మసి, సొట్టలు అన్నీ ఆయన కళ్లకు నూటయాభై ఏళ్ల బట్టీలా కనిపించాయి. పై నుంచి ఒక గొట్టం తగిలిస్తే దేవుడు కూడా కనిపెట్టలేడు అన్నాడు. ఆవిడ ఏదడిగినా మీరే చెప్పండి, కథలు మీకు బాగా వచ్చు అని కూడా అన్నాడు. చివర్లో, శుక్రవారంతో మీ ఆరు నెలలు పూర్తవుతాయి కదా అని ఒక్క మాట మెల్లిగా అని వీడియో ఆపేశాడు. ఆ ఒక్క మాటకే నాకు రెండు స్వెట్టర్లలోనూ చెమట పట్టింది.

నా భార్యతో నిజం చెప్పలేదు. ఆఫీసులో పాత వస్తువులు చూపించుకుంటారట, ఒక్కరోజు కాగు కావాలట అన్నాను. ఆమె చాలాసేపు నా మొహంలోకి చూసింది. వాళ్లమ్మ ఒకసారి పక్కింటి పెళ్లికి ఇత్తడి బిందె అరువిస్తే, తిరిగొచ్చింది వేరే బిందె. మా వైపు గిన్నెల మీద పేర్లు కొట్టించేది అందుకే కదా అని గుర్తుచేసి, కాగు ఎక్కడికి వెళితే తనూ అక్కడికి వస్తానంది. సరే అనక గత్యంతరం లేదు.

నేను చేసిన ఘోరమైన తప్పు మరొకటి ఉంది. ఆ మసే కావాలని ఆమెకు చెప్పలేదు. మంగళవారం మధ్యాహ్నం నేను షెడ్డులో గొట్టాలు బిగిస్తుంటే, ఇంట్లో ఆమె మొక్కను బకెట్‌లోకి మార్చి, ఆసియా దుకాణంలో ఉన్న చింతపండంతా కొనేసి, ఉప్పు కలిపి, ఆ కాగును తోమింది. నలుగురిలోకి వెళ్లే గిన్నెను మసితో ఎవరు పంపుతారు? సాయంత్రం నేను తలుపు తీసేసరికి హాల్లో సూర్యుడు ఉదయించి కూర్చున్నాడు. సొట్టలు కూడా నవ్వుతున్నాయి. యాభై ఏళ్ల నలుపు మా బాత్రూమ్ తూములోంచి రైన్ నదికి బయల్దేరింది.

అంతకంటే భయంకరమైనది కాగు మెడ చుట్టూ బయటపడింది. చుక్కలు చుక్కలుగా పొడిచిన తెలుగు అక్షరాలు. అమ్మమ్మగారి పేరు, ఇంటిపేరు, ఊరు, ఆవిడ పెళ్లికి ఎవరు పెట్టారో, ఏ నామ సంవత్సరమో, అంతా ఒక పూర్తి ప్రదక్షిణం. ఎటు తిప్పినా ఏదో ఒక అక్షరం మన వైపే చూస్తుంది. మా ఎనిమిదేళ్ల అమ్మాయి నా మొహం చూసి, "పాపా, బిస్ట్ దు క్రాంక్?" అంది, నాన్నా జబ్బు చేసిందా అని. జబ్బు కాదమ్మా, అంతకంటే పెద్దదే అన్నాను.

బుధవారం పొద్దున అమ్మాయిని బడి వాళ్లకు అప్పజెప్పి, కాగుకు సీటు బెల్టు పెట్టి తీసుకెళ్లాం. దాన్ని చూసి యజమాని మొహం పాలిపోయింది. వీడియోకు పది నిమిషాలుంది. లోపలికి పరుగెత్తి బూటు పాలిష్ డబ్బా, గుడ్డ పట్టుకొచ్చాడు. నా భార్య కాగుకూ ఆయనకూ మధ్య నిలబడింది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి చాలు. ఆయన రెండు మీటర్లు కాదు, ఇరవై మీటర్లు వెనక్కి వెళ్లినట్టు అనిపించింది నాకు.

"ఏమండీ, ఇక్కడేం జరుగుతోంది?" అని అడిగింది. నేను గొట్టం బిగిస్తూ, తర్వాత చెప్తా అన్నాను. ఆమె గోడ మీదున్న గడ్డపాయన బొమ్మ చూసింది, బట్టల డ్రయ్యర్ నుంచి ఊడదీసి కాగు మూతికి తగిలించిన వెండిరంగు గొట్టం చూసింది. మరి అడగలేదు. అమ్మాయి బడిలో, డాక్టర్ల దగ్గర, ఆఫీసుల్లో మా ఇంటి జర్మనంతా మాట్లాడేది ఆమే. బొమ్మ కింద రాసి ఉన్న స్థాపకుడి కథంతా చదువుకుంది.

వీడియో మొదలైంది. కొనుగోళ్లు చూసే ఆవిడ తెల్లజుట్టు కత్తిరించుకుని, తన వంటింట్లో కూర్చుని ఉంది. టాబ్లెట్ నా చేతిలో ఉంది. యజమాని వారసత్వం గురించి, ఊట గురించి, నేను నడిపించిన మూడు రోజుల గురించి చెప్పాడు. ఆవిడ ఏమీ రాసుకోవడం లేదు. బట్టీ దగ్గరగా చూపించండి అంది. నేను ఒక్క అడుగు వేశాను. ఇంకా అంది. మరో అడుగు. ఇంకా. ఆ మూడు అడుగులు వేయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

"మెడ మీద ఏదో రాసి ఉంది. ఏ భాష అది?"

యజమాని నా వైపు చూశాడు. నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి, ఒకటి కాదు మూడు. స్థాపకుడు మిరియాల కోసం ఇండియా వెళ్లాడు. లేదా అక్కణ్ణుంచి ఒక రాగి పనివాణ్ణి తెచ్చుకున్నాడు. లేదా ఒక రాణి కానుక ఇచ్చింది. రాణి అయితే బాగుంటుంది అనుకున్నాను. నోరు తెరిచాను. "మా స్థాపకుడు..." అన్నాను.

వెనక నుంచి నా భార్య తెలుగులో, గొంతు పెంచకుండా అంది. "మా అమ్మమ్మ పేరు మీద ఆ గడ్డపాయన్ని కూర్చోబెట్టకండి."

టాబ్లెట్ నా చేతిలో బరువెక్కింది. శుక్రవారం కళ్ల ముందు ఆడింది. అమ్మాయి బడి, ఇంటి అద్దె, మూడు నెలల గడువు, అన్నీ వరసగా వచ్చి నా నాలుక మీద కూర్చున్నాయి.

"అది తెలుగు," అన్నాను. "నా భార్య అమ్మమ్మగారి పేరు. ఇందులో స్నానానికి నీళ్లు కాచేవారు. విస్కీ ఎప్పుడూ కాయలేదు."

ఆవిడ నన్ను వదిలేసి యజమానిని అడిగింది, విస్కీ ఎక్కడ కాచారని. ఆయన బూటు పాలిష్ గుడ్డ జేబులో పెట్టుకున్నాడు, చివరికి కొంటాం అన్నాడు. ఆవిడకు ఆశ్చర్యం కలగలేదు. మీ కంపెనీ పుట్టి రెండేళ్లు, మీ విస్కీ వయసు ఎనిమిదేళ్లు, ఆ లెక్క నేను ఫోన్ చేయకముందే చేసుకున్నాను, మీరు ఎంతదూరం వెళతారో చూద్దామనుకున్నాను అంది. కొన్నదని సీసా వెనక రాసి పంపండి, అప్పుడు రుచి చూస్తాను, మాట ఇవ్వను అని తెర ఆపేసింది.

యజమాని గొట్టం ఊడదీసి డ్రయ్యర్‌కు మళ్లీ బిగించుకున్నాడు. ఇంటికి వస్తూ కారులో నేను అన్నీ చెప్పేశాను, తోడేలుతో సహా. నా భార్య కాగు మీద చెయ్యి వేసుకుని విని, "ముందే చెప్పుంటే తోమేదాన్నే కాదు కదా," అంది. కాగు మెడ మీది అక్షరాలు వేలితో తడుముతూ, "అప్పుడు అక్షరాలు కనపడేవి కావు. మీరు ఆ రాణిగారి కథేదో చెప్పేసేవారు," అంది. రాణి సంగతి ఆమెకెలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

జర్మనీలో ఉద్యోగం తీసేయాలంటే కాగితం మీద సంతకం పెట్టి పంపాలి. ఫోన్లో అంటే చెల్లదు. శుక్రవారం రాత్రిలోపు ఆ కాగితం మా పోస్టు డబ్బాలో పడకపోతే నేను నిలిచినట్టు. గురువారం మెట్లు ఎన్నిసార్లు దిగానో మోకాళ్లకు తెలుసు. శుక్రవారం ఇక పైకి ఎక్కడం మానేసి డబ్బా పక్కనే నిలబడ్డాను. పోస్టావిడ నన్ను చూసి భయపడి మాస్కు సరిచేసుకుంది. కంపెనీ ముద్ర ఉన్న పెద్ద కవరు నా చేతికే ఇచ్చింది.

విప్పలేకపోయాను. పైకి తెచ్చి బల్ల మీద పెట్టాను. నా భార్య కూరగాయల కత్తితో చింపింది.

లోపల పాత లేబుల్ ఉంది. గడ్డపాయన బొమ్మ మీద అడ్డంగా ఒక గీత. ఊట మీద ఒకటి, మూడు రోజుల మీద రెండు. కింద యజమాని చేతిరాత: సోమవారానికి వెనక వైపు మళ్లీ రాయండి, ఈసారి ఉన్నది ఉన్నట్టు. అంతే. ఉద్యోగంలో ఉంచుతున్నానని లేదు, తీసేస్తున్నానని లేదు. నా భార్య రెండుసార్లు తిప్పి చూసి, తీసేసినవాడు సోమవారం పని ఎందుకు చెప్తాడు అంది.

శని, ఆదివారాలు దాని ముందే కూర్చున్నాను. మూడు రోజుల నడక రాయడానికి పది నిమిషాలు పట్టింది, ఉన్నది రాయడానికి రెండు రోజులు. ఉత్తరాన కాచారు, మేము కొన్నాము, ఇక్కడ నీళ్లు కలిపి నింపాము. నీళ్ల దగ్గర కలం ఆగింది. "కొండ నీళ్లు" అని రాశాను. వెనక హీటర్ పక్కన కాగు మళ్లీ మొక్కతో కూర్చుని, ధగధగ మెరుస్తూ, మెడ నిండా అక్షరాలతో నన్నే చూస్తోంది. కొట్టేసి, "కుళాయి నీళ్లు" అని రాశాను.