అబిగయీలు ముందస్తు కూటం

సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట దారిలో, పులికాట్ సరస్సు నీళ్ల మధ్య వేసిన కట్ట మీద, బెన్హర్ పాస్టరు మోపెడ్ తోసుకుంటూ పోతున్నాడు. పెట్రోలు అయిపోయింది. ఆ ఉదయమే ఉపవాస కూటంలో, దేవుడు తన బిడ్డలకు దేనికీ కొరత రానివ్వడని గొంతు బొంగురుపోయేదాకా ప్రసంగించి వచ్చాడు.

ఉన్నట్టుండి బండి తేలికైంది. వెనక్కి చూస్తే అబిగయీలు. ఒక చేతిలో తలకిందులుగా రెండు కోళ్లు, రెండో చేత్తో క్యారియర్ తోస్తోంది.

“ఏందయ్యగారూ, దేవుడు పెట్రోలు పొయ్యలా?”

బాప్తిస్మానికి ముందు ఆమె పేరమ్మ. కొత్త పేరుకు నోరు తిరగక ఊళ్లో సగం మందికి ఇప్పటికీ పేరమ్మే. చర్చిలో సాక్ష్యమంటే ఎవరైనా మేలు జరిగాక లేచి చెప్తారు. ఈమె జరక్కముందే చెప్పేస్తుంది. కూతురు రోజారమణి పదోతరగతి పాసైందని ఫలితాలు రాకముందే స్తోత్రం చెప్పింది. పిల్ల లెక్కల్లో తప్పింది. తర్వాతి ఆదివారం మళ్లీ లేచి, “లెక్కలు దేవుడికీ కష్టమే గదా, సప్లిమెంటరీకి ఇద్దరూ చదువుకుంటా ఉండారు” అంది. నవ్వాలో గద్దించాలో తెలియక బెన్హర్ పాట ఎత్తుకున్నాడు. ఎన్ని ఊళ్లు తిరిగినా, ఏ మతం గుమ్మం తొక్కినా, బోధకుడికి ఇబ్బంది వచ్చిన చోటే పాట మొదలవుతుంది.

“కోళ్లెందుకమ్మా?”

“రేపు మా ఇంట్లో కృతజ్ఞత కూటం. మా ఆయన మళ్లా పడవెక్కినందుకు.”

“చిన్నపోలయ్య ఎక్కినాడా!” బెన్హర్ బండి ఆపేశాడు.

“ఇంకా లేదు. తొయ్యండి.”

పోయినేడు గాలివానలో పడవ తిరగబడింది. చిన్నపోలయ్య ఈదుకొచ్చాడు, వెంట వెళ్లిన బావమరిది ముత్యాలయ్య రాలేదు, శవమే ఒడ్డుకొచ్చింది. అప్పటినుంచి చిన్నపోలయ్య గడప దాటి నీళ్లవైపు చూడలేదు. ఊరందరి వలలూ బాగుచేస్తాడు, తన వల మాత్రం దూలానికే వేలాడుతోంది. అక్కడ వేట వంతుల మీద సాగుతుంది, ఎవరి రోజున వాళ్లే వల వేయాలి. సోమవారం అతని వంతు. ఈసారీ దిగకపోతే ఆ వంతు ఇంకొకరికి ఇచ్చేస్తామని పెద్దలు చెప్పేశారు.

“జరిగినాక పెట్టుకుందాం లేమ్మా. ఆయన పోకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“ఉన్నచోటే ఉంచుకోండి, ఎవరడిగినారు? కోళ్లు తెస్తానంటే మా ఆయన నన్ను బూతులు తిట్టినాడు. తిట్టుకుంటానే వల కిందికి దించి బొక్కలు చూసుకున్నాడు. ఏడాదిగా మీరంతా ఓదార్చినారే, ఒక్కరన్నా ఆ వల దించగలిగినారా?”

“రేపు ఊరంతా తిని, సోమవారం ఆయన ఇంట్లోనే కూర్చుంటే?”

“కోడికూర తిన్నోళ్లంతా ఆయన్ని చూసి నవ్వతారు. ఆ సిగ్గుతోనన్నా పోతాడు. దేవుడికి ఒకటే దారా ఏంది?”

బెన్హర్‌కు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

“నాకేదో ధైర్యమనుకుంటా ఉండారా? ఆ వల కిందికి దిగినప్పుడు నేను చూళ్లేక వాకిట్లోకి పోయినా. పోయినోడు నా తమ్ముడయ్యా. ఆయన్నీ ఆ నీళ్లే తీసుకుంటే? అయినా ఆ మనిషి అట్టా గోడకి ఆనుకొని ఎండిపోతా ఉంటే చూళ్లేను. మీరొచ్చి ప్రార్థన చెయ్యకపోతే, దేవుడు కూడా నన్నొదిలేసినాడు అనుకుంటాడు.”

బెన్హర్ హ్యాండిల్ వైపే చూస్తూ బండి తోశాడు. ముత్యాలయ్య సమాధి దగ్గర పునరుత్థానం గురించి చక్కగా చెప్పి, అన్నం వడ్డించకముందే జారుకున్నవాడు తను. ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. ఏం చెప్పాలో తెలియక.

సీసాల్లో పెట్రోలు అమ్మే బడ్డీకొట్టు వచ్చింది. పెట్రోలు పోసి, మూత బిగిస్తూ, తలెత్తకుండానే అడిగాడు.

“రేపు ఎన్నింటికి రావాలమ్మా?”

తిరిగి చూశాడు. అబిగయీలు అప్పటికే కట్ట దిగి, రెక్కలు కొట్టుకుంటున్న కోళ్లను తిట్టుకుంటూ, వెనక్కి చూడకుండా ఊరివైపు నడిచిపోతోంది.