గరిటె లెక్కన వేలం

గుడివాడ–అవనిగడ్డ బస్సులో రత్నరాజు కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ టికెట్టుతో పాటు ఒక కోత ఉచితం. ఘంటసాల మలుపు వచ్చిందంటే చాలు, రోము నుంచి ఓడలో వచ్చిన వర్తకుడొకడు ఇక్కడ గోంగూర పచ్చడి రుచి మరిగి, తిరుగు ప్రయాణం మానుకుని పొలం కౌలుకు తీసుకున్నాడని చెప్పేవాడు. జనం నవ్వుకునేవారు. కాలేజీకి వెళ్ళే సుభాషిణి మాత్రం పుస్తకాలు తిరగేసి, ఓడల మాట నిజమేనని, పచ్చడి మాత్రం కండక్టరు మావయ్యగారి సొంత కల్పనేనని తేల్చింది. తన కోతల్లోంచి ఒక పిల్ల నిజం ఏరుకుందన్న సంతోషం రత్నరాజుకు రిటైరైనా తగ్గలేదు.

ఆ సుభాషిణి ఇప్పుడు మచిలీపట్నంలో, విశ్వవిద్యాలయంలో మన సంస్కృతి మీద చిన్న కోర్సు ఒకటి నడుపుతోంది. దానికి కలంకారీ అద్దకం, కూచిపూడి, పడవల తయారీ కూడా చేర్చాలని ఆమె కోరిక. పైవాళ్ళు సరేనన్నారు గానీ, గురువుల మొదటి ఏడాది జీతం చందాలతో తెచ్చుకోమన్నారు. వేసవి సెలవులు అయ్యేలోగా డబ్బు కట్టకపోతే అనుమతి రద్దు. గుడివాడలో సభ పెడితే అందరూ చప్పట్లు కొట్టి, టిఫిను తిని వెళ్ళిపోయారు.

"నువ్వు అడుగుతున్నావు తల్లీ. అడిగితే మనవాళ్ళు కాఫీ ఇచ్చి పంపిస్తారు. పోటీ పెడితే జేబులో చెయ్యి పెడతారు," అన్నాడు రత్నరాజు.

వాళ్ళ చర్చిలో కోత పండుగకు వేలంపాట నడిపేది ఆయనే. అక్కడ పాడుకున్నవాడు డబ్బు కట్టి, వస్తువును మళ్ళీ బల్ల మీదే పెట్టేస్తాడు. ఒక్క కోడిపుంజు పదిమంది సొంతమై కూడా ఎవరింటికీ వెళ్ళదు. అందుకే ఒక్క గుమ్మడికాయ చాలు, ఇంకేమీ తేవద్దని సుభాషిణికి గట్టిగా చెప్పాడు.

ఆదివారం ఉదయం అవనిగడ్డ కల్యాణమండపం నిండింది. ఈ గుమ్మడికాయ తీగ నాగాయలంకలో మొలిచి, కాలవలు ఈది వచ్చి అవనిగడ్డలో కాసిందని రత్నరాజు పాట మొదలుపెట్టాడు. రైసుమిల్లు శోభనాద్రి, నాగాయలంక చేపల వ్యాపారి వెంకటాద్రి పంతానికి పోయి పాడారు. వెంకటాద్రి గెలిచాడు. డబ్బు కట్టాడు. కాయను భుజాన వేసుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

చర్చి మర్యాద ఆయనకు తెలియదు. ముందుగా చెప్పాలని రత్నరాజుకు తోచలేదు. బల్ల ఖాళీ. వచ్చిన డబ్బు కొత్త గురువుల్లో ఒక్కరి జీతానికైనా చాలదు. సుభాషిణి బల్ల మీద గుడ్డ మడతపెడుతోంది. ఆ మడత చూడలేక రత్నరాజు మైకు వదల్లేదు. జనం లేవకుండా తన సర్వీసంతటి కోతలూ వరసపెట్టి కోశాడు. గొంతు బొంగురుపోయింది.

భోజనాల వేళకు ట్రక్కు ఆటో ఒకటి వచ్చి ఆగింది. వెంకటాద్రి గుండిగ దించాడు. ఆయన భార్య పోలమ్మ అన్నం తపేలాతో, గరిటెతో దిగింది.

"ఇదేంటండీ వెంకటాద్రిగారూ?" అని రత్నరాజు మైకులోనే అడిగాడు.

"గుమ్మడికాయ పులుసండీ. పాటలో గెలుచుకున్నది ఇంట్లో దాచుకుంటామా ఏంటి? మా ఊళ్ళో అయితే వండి అందరికీ పెట్టాల్సిందే," అన్నాడాయన.

మూత తీసేసరికి మండపమంతా ఇంగువ పోపు వాసన. రత్నరాజు మైకులో మెల్లగా అన్నాడు, "మొదటి గరిటె. పాటండీ."

శోభనాద్రి పొద్దుటి ఓటమి మరిచిపోలేదు. మొదటి గరిటె ఆయనదే. తర్వాత వెనక కుర్చీలవాళ్ళూ, మండపం వంటవాళ్ళూ కూడా పాడారు. పాడలేనివాళ్ళకు పోలమ్మ ఊరికే వడ్డించింది. గుండిగ అడుగు కనిపించే వేళకు గురువుల జీతాలకు సరిపడా పోగైంది. సుభాషిణి పోలమ్మ చేతులు పట్టుకుంది. "తిన్నావా అమ్మా?" అని అడిగింది పోలమ్మ.

చివరి గరిటెకు పాడేవాళ్ళే లేరు, అందరి కడుపులూ నిండాయి. రత్నరాజు తానే పాడాడు. పోటీ ఎవరూ లేకపోయినా తన పాటను తానే రెండుసార్లు పెంచి, 'మూడోసారి' అని బల్ల మీద కొట్టి పాట ముగించి, పళ్ళెం పట్టుకుని పోలమ్మ ముందు నిలబడ్డాడు.