అద్దం కింద రజా చీటీ

రెండు వేల సంవత్సరం తర్వాతి ఏళ్లలో బాగేపల్లి వైపు ఒక పోలీస్ స్టేషన్‌లో నేను రైటర్‌ని. డ్యూటీలు వేసేదీ, సెలవడిగే రజా చీటీలు ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టేదీ నేనే. ఉన్న మంది ఏ పనికీ చాలరు. బందోబస్తు రోజుల్లో చీటీ పట్టుకెళ్తే తిట్లు రాసినవాడికి కాదు, తెచ్చినవాడికి పడేవి. అందుకే నాకు ముందున్న రైటర్ ఒక కిటుకు నేర్పిపోయాడు. చీటీని టేబుల్ అద్దం కింద పెట్టు, ఒక పూట ఆగి ఇన్‌స్పెక్టర్ సాహేబ్రు కాదన్నారని చెప్పు. పామూ చావదు, కర్రా విరగదు. నేను మహా తెలివిగలవాణ్ణనుకుని ఏళ్ల తరబడి అదే చేశాను.

ఒకసారి చింతామణికి మంత్రి వస్తున్నాడని మా వాళ్లను పంపమన్నారు. మండికల్ నుంచి వచ్చే ముసలి కానిస్టేబుల్ ఒకాయన పొద్దున్నే నా ముందు నిలబడ్డాడు. ఎన్నడూ రజా అడిగి ఎరగని మనిషి. అడగనివాడి నెత్తినే అన్ని డ్యూటీలూ వేసేవాణ్ణి.

"అప్పా, మా ఇంటామెకు శానా కష్టంగా ఉండాది. చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో చేర్చినాను. రెండు దినాలు రజా ఇప్పించప్పా."

"అడుగుతాలేప్పా," అన్నాను. చీటీ అద్దం కిందికి పోయింది. సాయంత్రం, "సాహేబ్రు కాదన్నారప్పా. బందోబస్తు అయినాక పోదువు," అని చెప్పాను. ఆయన తలూపి లాఠీ తీసుకున్నాడు.

రెండు రోజులు చింతామణి రోడ్డు మీద ఎండలో నిలబడ్డాడు. మంత్రి రానేలేదు. రెండో రోజు మధ్యాహ్నం స్టేషన్‌కు ఫోన్ వస్తే ఎత్తింది నేనే. ఆయన బావమరిది.

"మా అక్క పోయిందప్పా. ఆయప్ప యాడుండాడని కడదాకా అడగతానే ఉండె."

ఆ కబురు విని ఇన్‌స్పెక్టర్ నన్ను లోపలికి పిలిచి విరుచుకుపడ్డాడు. "నాకు ఒక్క మాట చెప్పింటే పంపేవాణ్ణి గదయ్యా!" నిజంగా పంపేవాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. అది తెలిసే దారి నేనే మూసేశాను. ఆ సిగ్గు ఇంకా నన్ను తింటూనే ఉంది.

కర్మలయ్యాక ఆయన డ్యూటీకి వచ్చాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయనే ముందు నా చెయ్యి పట్టుకున్నాడు.

"సాహేబ్రు కాదన్నా, నువ్వు నా కోసరం పోయి అడిగినావు. నేను మర్చిపోనప్పా."

చీటీ ఇంకా అద్దం కిందే ఉంది, మా ఇద్దరి మధ్య. నేను డ్యూటీ పుస్తకం దాని మీదికి జరిపాను.